ఐసు బండి

బండి తెచ్చి మూడు రోజులు.
సీటు మీద పాలిథీను కవరు ఇంకా తియ్యనేదు.
ఎండకి తొడలకి అంటుకుని సుర్రుమంటంది,
అయినా తియ్యను.

ముందుగా సప్పుడు సంగతి సెప్పాల.
బందరువానిపేట ఇసకలో నిలబెట్టి తన్నితే
నాలుగు తన్నులకి పలకనేదు.
అయిదోదానికి
గొంతులో ముల్లు దిగిన పిల్లినాగ దగ్గి దగ్గి
ఒక్కపాలి అందుకుంది.
ఆడంగులు గంపలు దించి మరీ నవ్వినారు.
నాను నవ్వనేదు. సేతులు రెండూ వొణుకుతున్నాయి,
ఆ వొణుకు బండిదో నాదో తెలవనేదు.

"కుడిసెయ్యి మెల్లగా తిప్పత్తా, మెల్లగా" అన్నాడు
మా ఆడబిడ్డ కొడుకు దాలయ్య.
మెల్లగా అంటే ఎంతని?
కూరలో ఉప్పేసే సెయ్యికి మెల్లగా వేరు,
బతికున్న పీతని పట్టే సెయ్యికి వేరు.
నాను పీతని పట్టినట్టు పట్టినాను.
బండి ఇసకలో అడ్డంగా జారి, తోక తిప్పి,
దాలయ్య లుంగీ అంచు తొక్కి,
ఎండేసిన నెత్తళ్లలోకి దూరీసింది.
ఆ నెత్తళ్లవోళ్లు ఇంకా తిడతానే ఉన్నారు.

తారురోడ్డు ఎక్కినాక తెలిసింది, అసలు సంగతి.
అడుగు పడకుండానే ఊరు ఎనక్కి పోతంది.
ముప్పై ఏళ్లు ఈ రోడ్డుని అరికాళ్లతో సదివినాను.
ఎక్కడ కంకర తేలిందో, ఏ మలుపు కాడ తుమ్మముల్లో,
మద్దేనం ఎక్కడ తారు కరిగి కాలు పట్టేస్తాదో
కళ్లకి తెల్దు, కాళ్లకి తెలుసు.
ఇప్పుడవి పనిలోంచి తీసేసిన కూలోళ్లనాగ
ఊరికే పక్కకి సూస్తన్నాయి.

గార దాటినాక గాలి.
సముద్రం పక్కనే పుట్టి పెరిగి
గాలికింత బలం ఉందని తెలవనేదు నాకు.
కొంగు తెరసాప అయిపోనాది.
కళ్లంట నీళ్లు. ఏడుపు కాదు,
సెప్పినా ఎవులూ నమ్మరు.

ఒకటే ఇబ్బంది. తల.
తల మీద ఏటీ నేదు.
ఐసుపెట్టె ఎనకాల ఉంది, రబ్బరు ట్యూబుతో నాలుగు సుట్లు.
ఆ బరువు బండిది.
అయినా మెడ నిటారుగానే ఉంది.
ఎనక లారీ హారను కొడితే
తిరిగి సూడబుద్ది కాదు.
తిరిగితే గంప పడిపోద్దన్న బయం
గంప దిగిపోనా అక్కడే కూకుంది.
అందుకే అద్దాలు పెట్టినాడు కావోలు కంపెనీవోడు,
నాలాటి దాన్ని ఎక్కడో సూసుంటాడు.

అంపోలు జైలు గోడ కాడ ఆగి దిగినాను.
ఎనకంతా రోడ్డు మీద సన్నటి తడిగీత.
ఇన్నాళ్లూ ఆ ఐసునీళ్లు
నా సెవుల ఎనకనుంచి మెడమీదకీ, రవికలోకీ దిగీవి.
రోహిణి ఎండలో నా వీపుకి సలికాలం.
ఇప్పుడా సలంతా రోడ్డు తాగతంది.
గీత మా పేటదాకా ఉంటాదనుకున్నాను,
నాలుగు బారల ఎనకే ఆరిపోనాది.

టౌనులో పంతులమ్మ ఇంకా పళ్లు తోముతంది.
"ఇంత బేగానా!" అని నోట్లో నురుగుతోనే అడిగింది.
ఏటి సెప్పాల? ఆ అరుగు మీద కూకున్నాను.
గంటన్నర మిగిలింది.
నా జన్మలో మిగిలిన మొదటి గంటన్నర,
దాన్ని ఎక్కడ దించాలో తెలవనేదు.
వాయిదాలు లెక్కేసుకున్నాను. నెలకి రెండువేల మూడొందలు,
పదెనిమిది నెలలు. రెండుపాలు లెక్కేసినా అంతే.

వచ్చీటప్పుడు పెట్టె ఖాళీ, ఒకటే గడగడ.
కట్టు బిగించినా ఆగదు.
మరేటి సేస్తాను, సంచీలోంచి సుట్టకుదురు తీసి
పెట్టె కింద పెట్టినాను.
నా నెత్తి అచ్చు ఉంది దానికి, గుండ్రంగా, ఎంట్రుకలతో సహా.

గడగడ ఆగింది.

కవరు రేపు తీసేస్తానేమో. సూడాల.